కేక వేయని నెలవంకలు

మా మేనకోడలు రూటిలా మొగుడు చచ్చిన రోజుకి పేరు లేదు. గొడవంతా అక్కడే మొదలైంది.

అప్పట్లో మా రోములో ఏడాదికి పది నెలలే. మార్స్ దేవుడి పేరు మీద మొదలయ్యేది. నాలుగు నెలల దాకా పేర్లు పెట్టిన పెద్దమనుషులు అయిదో నెలకి వచ్చేసరికి అలిసిపోయారు. అయిదోది, ఆరోది, ఏడోది అంటూ పదోదాకా ఈడ్చి, అక్కడ చేతులు దులుపుకున్నారు. ఆ తర్వాత వచ్చే చలికాలానికి పేరూ లేదు, లెక్కా లేదు. పొలంలో పనుండదు, యుద్ధం ఉండదు, తగవులు తీర్చేవాడుండడు. జనం పొయ్యి చుట్టూ ముడుచుకుని, మళ్లీ మార్స్ నెల వచ్చిందని నేను కొండ మీంచి అరిచేదాకా బతికి ఉన్నామా లేదా అన్నది కూడా పట్టించుకునేవాళ్లు కాదు.

అరవడం నా ఉద్యోగం. నా పేరు ఓపిటర్. పడమటి ఆకాశంలో నెలవంక కనబడిన సాయంత్రం నేను కాపిటోల్ కొండెక్కి జూనో దేవిని పిలవాలి. అయిదుసార్లు పిలిస్తే ఆ నెలలో నోన్స్ అయిదో రోజున వస్తుంది. ఏడుసార్లు పిలిస్తే ఏడో రోజున. బలులూ, పండుగ చాటింపులూ అన్నీ ఆ నోన్స్‌నాడే. వంక లావుగా ఉంటే అయిదు, సన్నగా ఉంటే ఏడు. కింద జనం వేళ్లు మడుచుకుంటూ లెక్క పెట్టుకుంటారు. నేను కేక వేస్తేనే నెల పుట్టినట్టు. కేక వేయని నెలవంక లెక్కలోకి రాదు. చలికాలంలో రెండు నెలవంకలు అలా వచ్చి పోయేవి. ఆ రెండు సాయంత్రాలూ నేను గొంగళి కింద ఉండేవాణ్ని.

అలాంటి లెక్కలేని రోజుల్లోనే రూటిలా మొగుడు హోస్టస్ ఇంటికప్పు మీద పేరుకున్న మంచు తోయడానికి ఎక్కి, మంచుతోపాటు తనూ కిందకి వచ్చేశాడు. ఎక్కే ముందు రెండు ముంతల ద్రాక్షసారా తాగాడు. మనిషి మంచివాడే. నిచ్చెన వాడికి అచ్చిరాలేదు.

తొమ్మిదో రోజున సమాధి విందు పెట్టాలి. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. దాంతో మా తొమ్మిదో రోజు విందు పదిహేడో రోజో పద్దెనిమిదో రోజో జరిగింది. రోజులకి లెక్కే లేనప్పుడు తొమ్మిదోది ఏదని అడిగే మొనగాడెవడు. అందరం తిన్నాం, తాగాం, ఏడ్చాం, మళ్లీ తాగాం. మేం ఆ పనిలో ఉండగా హోస్టస్‌కి అన్నయ్య అయిన మామెర్కస్‌ గారి ఆబోతు కంచె విరగ్గొట్టుకుని రూటిలా దొడ్లోకి దూరింది. దొడ్లో ఉన్నది ఒకటే ఆవు, ఫుల్వా. గోధుమరంగుది. మేం కర్రలు పట్టుకుని వెళ్లేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

మామెర్కస్ మాత్రం మీసం మెలేసి, విందు జనమంతా వినేలా అన్నాడు. "చూశారా, నా ఆబోతు. చావింట్లో కూడా శుభకార్యం చేసొచ్చింది. పుట్టే దూడలో నాకు భాగం ఉంటుంది, గుర్తుంచుకోండి."

నేను గుర్తుంచుకున్నాను.

*

మొగుడు పోయిన ఆడది పది నెలలు మళ్లీ పెళ్లి చేసుకోకూడదు. ఆగలేక చేసుకుందో, నిండు చూడి ఆవుని భూదేవికి బలి ఇవ్వాలి. ఆ ఆవు ఏం పాపం చేసిందని ఎవరూ అడగరు. వెనక తొడ పూజారిది, తోలు ఫిర్యాదు చేసినవాడిది. అందుకే మా ఊళ్లో ధర్మం అంత గట్టిగా నిలబడింది.

రూటిలా ఆగింది. పది నెలవంకలు ఒక్కొక్కటే గుమ్మంలో నిలబడి చూసింది. చలికాలంలో నేను గొంగళి కింద ఉన్నప్పుడు కూడా చూసింది. పదోది కూడా పెరిగి, నిండి, తరగడం మొదలయ్యాక వోలెరోని పెళ్లి చేసుకుంది. వోలెరో సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు మోసుకొచ్చే కుర్రాడు. వాడి ఆస్తి రెండు భుజాలూ ఒక నవ్వూ. రూటిలాకి ఏటి ఒడ్డున చిన్న పొలం చెక్క ఉంది. ఆ చెక్క దున్నడానికి ఫుల్వా ఉంది. ఫుల్వా ఉంటే గింజలుంటాయి, పాలుంటాయి. ఫుల్వా లేకపోతే ఆ చెక్క బీడు పడుతుంది. బీడు పడిన నేల పక్క పొలంవాడికి పోతుంది. పక్క పొలం మామెర్కస్‌ది.

పెళ్లయిన నాలుగో రోజే మామెర్కస్ పూజారి వోపిస్కస్ గారి గుమ్మం తొక్కాడు. నేనూ అక్కడే ఉన్నాను. నెలవంకల కేకల కోసం పూజారిగారి చావడిలోనే నా పడక.

"పది నెలలు నిండలేదు అయ్యగారూ," అన్నాడు మామెర్కస్. "ఎనిమిదే."

వోపిస్కస్ గారు మెడ ఎక్కడ మొదలవుతుందో తెలియని మనిషి. వేళ్లు మడిచాడు. "చలికాలంలో పోయాడు కదా మీ తమ్ముడు. ఆ రోజులు లెక్కలో లేవు. మార్స్ నెల ఒకటో తారీఖు నుంచి మొదలుపెట్టాలి. మార్స్, ఏప్రిల్, మే, జూన్, అయిదోది, ఆరోది, ఏడోది, ఎనిమిదోది. ఎనిమిదే. నిజమే."

"రాజుగారు చలికాలానికి పేర్లు పెట్టారు కదా అయ్యగారూ," అన్నాను నేను. "జానువారియస్, ఫెబ్రువారియస్. మొన్న చాటింపు వేసింది నేనే."

"పెట్టారు. రాబోయే చలికాలానికి పెట్టారు. పోయిన చలికాలానికి కాదు."

"అదేమిటండీ. ఆ చలికాలంలో నేను తిన్నాను, పడుకున్నాను, దగ్గాను. గడ్డం కూడా పెరిగింది."

"నీ గడ్డం ధర్మశాస్త్రం కాదు ఓపిటర్. ఆ రెండు నెలవంకలకీ కేక వేశావా?"

నేను గడ్డం గోక్కున్నాను.

"వేయలేదు. కాబట్టి లేవు. వచ్చే నోన్స్‌నాడు ఫుల్వా బలి." పెదాలు తడుపుకున్నాడు. "ఎన్నో నెల చూడి అది?"

*

మరునాడు రూటిలా నన్ను ఏటి ఒడ్డున పట్టుకుంది. వెనకాల వోలెరో. వాడు నవ్వడం మానేసి అప్పటికి ఒక రోజైంది.

"మావయ్యా, చలికాలంలో నువ్వు రెండు కేకలేసి ఉంటే నీ గొంతు అరిగిపోయేదా?"

"మంచు పడిందే తల్లీ. పైగా వేయమని ఎవడూ చెప్పలేదు."

"మిగతా పనులన్నీ ఎవరైనా చెబితేనే చేశావా? మా పెళ్లిలో మూడు కుండలు ఖాళీ చేశావు, ఎవరు చెప్పారు?"

కుండలు మూడు కాదు, నాలుగు. ఆ సంగతి చెప్పలేదు.

ఆమె ఫుల్వా దగ్గరకి తీసుకెళ్లి తోక ఎత్తి చూపించింది. తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడ్డాయి. పొదుగు బిగిసి మెరుస్తోంది.

"ఇవాళో రేపో ఈనేలా ఉందే," అన్నాను.

"ఇవాళా కాదు, రేపూ కాదు. నెలవంక వచ్చాక అయిదారు రోజులకి. నేను దాని పక్కనే పడుకుంటున్నాను, నాకు తెలుసు. నోన్స్ అయిదో రోజైతే ఇంకా కడుపుతోనే ఉంటుంది మావయ్యా. ఏడో రోజైతే దూడ కింద ఉంటుంది."

"నిండు చూడి ఆవు కాకపోతే బలి చెల్లదు," అన్నాడు వోలెరో, ఆ వాక్యం రాత్రంతా పాఠం చదువుకున్నట్టు.

ఇద్దరూ నా వైపు చూశారు. అయిదో ఏడో తేల్చే నోరు ఈ ఊళ్లో ఒకటే ఉంది.

"దేవుడితో ఆటలమ్మా," అన్నాను.

"దేవుడు కాదు, దేవి. ఆవిడా ఆడదే. పురుళ్లు చూసేది కూడా ఆవిడే. అర్థం చేసుకుంటుంది."

"వంక లావుగా వస్తేనో? జనానికి కళ్లుంటాయి."

"జనం ఆకాశం చూసి ఎన్నేళ్లయింది మావయ్యా? నువ్వున్నావని మానేశారు కదా."

*

మర్నాటి సాయంత్రం నేను ఒంటరిగా కొండెక్కుతాననుకున్నాను. పైకి వెళ్లేసరికి మామెర్కస్ ఉన్నాడు. పక్కనే బండ మీద వోపిస్కస్ గారు. ఆయన కొండెక్కడం ఏడేళ్లలో అదే మొదటిసారి. ఒళ్లంతా చెమట.

"గాలి బాగుంటుందని," అన్నాడు మామెర్కస్. "మీ మేనకోడలు నిన్న నీ దగ్గరకొచ్చిందట. ఏం మాట్లాడుకున్నారు?"

"కుండల గురించి."

పడమర ఎర్రబడింది. ఆలివ్ తోట పైన నెలవంక బయటపడింది. మొగలిరేకంత లావుంది. ఒక రోజు ముదిరిన వంక. నిన్న మబ్బు వల్ల కనబడలేదు. గుడ్డివాడు కూడా అయిదు అంటాడు.

"లావుగా ఉంది," అన్నాడు మామెర్కస్ సంతోషంగా. "అయిదు."

"నేను ఈ పని ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను మామెర్కస్. నువ్వు తోళ్లు లెక్క పెట్టుకో."

చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాను. "జూనో, నిన్ను పిలుస్తున్నాను." కింద ఊళ్లో గొంతులు ఆగిపోయాయి. రెండోది. మూడోది. నాలుగోది. వోపిస్కస్ గారు బొటనవేలు మడిచాడు. అయిదోది.

మామెర్కస్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "చాలు. బాగా అరిచావు. ఇదిగో, అత్తిపండు తిను." తినమనలేదు, నోట్లో కుక్కాడు. పెద్ద పండు.

నేను ఆ ఉద్యోగం ఇరవై రెండేళ్లు చేసింది నాలుకతో కాదు, ఊపిరితిత్తులతో. పండుతో సహా ఆరోది అరిచాను. గింజలు మామెర్కస్ మొహాన పడ్డాయి. వాడు వెనక్కి తగ్గిన ఆ క్షణంలో ఏడోది అరిచాను. ఆ కేక ఏటి అవతలి ఒడ్డు దాకా వెళ్లిందని తర్వాత చెప్పారు.

కింద ఊరంతా ఏడో వేలు మడిచేసింది. పలికిన పిలుపుని వెనక్కి తీసుకోవడం మా దగ్గర లేదు. తీసుకుంటే దేవిని పిలిచి గుమ్మంలోంచి పంపేసినట్టు.

"అయ్యగారూ," అన్నాడు మామెర్కస్ మొహం తుడుచుకుంటూ. "చూశారు కదా, వీడు కావాలనే."

వోపిస్కస్ గారు ఆయాసపడుతూనే చంద్రుడి వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఓపిటర్, నీకు ఆ వంక సన్నగా కనబడిందా?"

"నా కళ్లు పాతవి అయ్యగారూ. నాకు ఈ మధ్య అన్నీ సన్నగానే కనబడుతున్నాయి. మీరు కూడా."

ఆయన జీవితంలో ఆ మాట ఎవరూ అనలేదు. పొట్ట తడుముకున్నాడు. "సరే. ఏడో రోజు. రెండు రోజుల్లో ఆవెక్కడికి పోతుంది," అన్నాడు. కానీ దిగేటప్పుడు నా చెవి దగ్గర వంగి చెప్పాడు. "ఆ ఏడో రోజున ఆవుకి ఏమైనా అయిందో, ఈ కొండకి ఆ చివర ఒక బండ ఉంది. దేవిని మోసం చేసినవాణ్ని అక్కణ్నుంచే తోస్తారు. నీ గొంతు ఎంత దూరం వినబడుతుందో చూద్దాం."

*

అయిదో రోజు వచ్చింది. ఫుల్వా ఈనలేదు. ఆరో రోజు వచ్చింది. ఫుల్వా గడ్డి తింది, నీళ్లు తాగింది, ఈగల్ని తోలుకుంది. రూటిలా దాని వెనకే తిరిగింది. మామెర్కస్ దొడ్డి బయట తన పాలేళ్లని కాపలా పెట్టాడు. దూడ పుడితే తన భాగం దక్కకుండా దాచేస్తారని వాడి భయం. దూడ పుట్టకపోతే ఎలాగని మా భయం.

ఏడో రోజు పొద్దున్నే ఊరేగింపు బయల్దేరింది. ముందు వేణువు ఊదేవాడు. వెనక గొడ్డలి భుజాన వేసుకున్న బలివాడు. కొమ్ములకి ఉన్ని దారాలు కట్టుకుని ఫుల్వా. బలి పశువుని లాగకూడదు, కొట్టకూడదు. ఇష్టంగా నడవాలి. ఫుల్వా ఇష్టంగా నాలుగడుగులు వేసింది, ఆగింది. మళ్లీ రెండడుగులు వేసింది, ఆగింది. వీపు విల్లులా వంచింది.

రూటిలా నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్ల గుర్తులు వారం దాకా ఉన్నాయి.

"మొదలైంది మావయ్యా."

"ఎవరికీ తెలియనివ్వకు."

బలిపీఠానికి ఇరవై అడుగుల దూరంలో ఉమ్మనీటి సంచి పగిలింది. ఆవు ఎందుకు ఆగిందో చూడ్డానికి వెనక్కి వచ్చిన వేణువువాడి చెప్పులు తడిసిపోయాయి. వాడు ఊదడం ఆపేశాడు.

మామెర్కస్ పరిగెత్తాడు. "అయ్యగారూ, తొందరగా కానివ్వండి."

వోపిస్కస్ గారు ఉప్పు కలిపిన పిండి గుప్పిట్లో పట్టుకుని ముందుకొచ్చాడు. ఆవు నెత్తిన పిండి చల్లితే అది తల ఊపాలి. ఊపితే ఒప్పుకున్నట్టు. ఆయన చల్లాడు. ఫుల్వా తల ఊపలేదు. తల తిప్పి తన వెనక్కి చూసుకుంది. అక్కడ రెండు చిన్న గిట్టలు కనబడుతున్నాయి.

"ఇంకా కడుపులోనే ఉంది," అన్నాడు మామెర్కస్. "గిట్టలే కదా బయటికొచ్చింది. ముప్పాతిక చూడిదే."

"ముప్పాతిక చూడి ఆవు అని శాస్త్రంలో ఉందా అయ్యగారూ?" అన్నాను.

"లేదు," అన్నాడు వోపిస్కస్ గారు. ఆయనకి నిజంగానే ఆసక్తి పుట్టింది. "అలాగని ఈనిన ఆవు అని కూడా ఇప్పుడు అనలేం. తల వస్తే..."

"తల వచ్చేలోపు కొట్టరా," అన్నాడు మామెర్కస్ బలివాడితో.

బలివాడు గొడ్డలి దించాడు. వాడికి ఇంట్లో నాలుగు ఆవులున్నాయి. "తల ఊపలేదు కదండీ, నేనెలా కొడతాను," అన్నాడు.

వోలెరో అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని గిట్టలు పట్టుకున్నాడు. ఉప్పు బస్తాలు మోసిన భుజాలు ఆ రోజు పనికొచ్చాయి. ఒక లాగు, ఇంకో లాగు, ఆ తర్వాత దానంతటదే జారిపడింది. పేయదూడ. గోధుమరంగుది, నుదుట తెల్లచుక్క. మామెర్కస్ ఆబోతుకి ఉన్నట్టే.

జనం గొల్లుమన్నారు. వోపిస్కస్ గారు నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "దేవిని మోసం చేశావు ఓపిటర్. తప్పు చేయకపోతే సరిగ్గా ఈరోజే దూడ పుట్టదు. ఈ ఆవు ఈరోజు ఈనుతుందని తెలిసే ఏడు అరిచావు. బండ సంగతి గుర్తుంది కదా."

దూడని చూస్తుంటే నాకు దారి దొరికింది.

"అయ్యగారూ, ఒక్క లెక్క తేల్చండి, తర్వాత తోద్దురుగాని. ఈ దూడ వయసెంత?"

"ఇప్పుడే పుట్టింది కదా."

"కడుపులో వయసు. ఎప్పుడు పడింది ఇది? మామెర్కస్ గారే చెప్పాలి, ఆబోతు ఆయనది. హోస్టస్ సమాధి విందులో ఆయన మీసం మెలేస్తూ అన్న మాట ఇక్కడ ఎంతమంది విన్నారు?"

ముప్పై చేతులు లేచాయి. ఊరికే తిండి దొరికిన విందుని మా వాళ్లెవరూ మర్చిపోరు.

"విందు చలికాలంలో," అన్నాను. "చలికాలం లేదని మీ తీర్పు. మార్స్ నెల ఒకటి నుంచి లెక్కపెడితే ఈ దూడకి ఎనిమిది నెలల ఏడు రోజులు. ఎనిమిది నెలల దూడ లేచి నిలబడుతుందా? ఈ ఊళ్లో ఎవరైనా చూశారా?"

అందరూ దూడ వైపు చూశారు. ఫుల్వా దాన్ని నాకుతోంది. దూడ ముందు కాళ్లు మడిచి వెనక భాగం లేపింది, పడింది. మళ్లీ లేపింది. నా ప్రాణం ఆ నాలుగు కాళ్ల మీద ఉంది. మళ్లీ పడింది.

"చూశారా," అన్నాడు మామెర్కస్. "ఎనిమిది నెలలదే."

మూడోసారి అది లేచింది. ఊగింది. ఊగుతూ ఊగుతూ వోపిస్కస్ గారి అంగీ అంచు నోట్లో పెట్టుకుని, తల్లి అనుకుని చప్పరించడం మొదలుపెట్టింది.

"నిలబడింది," అన్నాను. "అంటే నిండు దూడ. అంటే ఆ విందు జరిగింది. అంటే ఆ రోజులున్నాయి. లేవంటారా, మరి ఈ దూడ లేదు. లేని దూడ మీ అంగీ తింటోంది."

వోపిస్కస్ గారు అంగీ లాక్కున్నాడు. చాలాసేపు వేళ్లు మడిచాడు, విప్పాడు. పోయిన వెనక తొడ గురించి ఆలోచిస్తున్నాడని నాకు అర్థమైంది. అప్పుడు రూటిలా ముందుకొచ్చి మెల్లగా అంది. "అయ్యగారూ, మూడు రోజుల జున్నుపాలు మీకే పంపిస్తాను. తేనె కలిపి."

ధర్మసూక్ష్మం ఆయనకి ఆ క్షణంలో స్ఫురించింది.

"నెలవంకకి కేక వేసినా వేయకపోయినా అది నెలవంకే," అన్నాడు గట్టిగా, జనమంతా వినేలా. "వితంతువు పది చూసింది. పెళ్లి చెల్లుతుంది. బలి అక్కర్లేదు."

"మరి దూడలో నా భాగం?" అన్నాడు మామెర్కస్.

"ఏ విందులో అడిగావు?" అన్నాడు వోలెరో. "చలికాలం లేదన్నావు కదా."

వాడు మళ్లీ నవ్వడం మొదలుపెట్టాడు.

*

బండ మీంచి నన్ను తోయలేదు. దానికంటే ఘోరం చేశారు. చలికాలపు నెలవంకలకి ఎవరూ కేక వేయకపోవడం వల్లే ఇంత రగడ జరిగిందని వోపిస్కస్ గారు సభలో చెప్పాడు. రాజుగారి కొత్త నెలలు రెండింటికీ మంచు పడినా సరే ఓపిటర్ కొండెక్కి తీరాలన్నాడు. మామెర్కస్ అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

పదో నెల అయిపోయింది. జానువారియస్ వచ్చింది. రోము పుట్టాక చలికాలంలో పిలిచిన మొదటి పిలుపు నాది. మోకాళ్ల దాకా మంచు. కట్టెలు పట్టుకుని వోలెరో, ముంత పట్టుకుని రూటిలా నాతోపాటు పైకి వచ్చారు. ముంతలో వేడి పాలు. ఇంకేదైనా ఉంటుందనుకున్నాను.

ఆకాశమంతా మబ్బు. చంద్రుడూ లేడు, గింద్రుడూ లేడు.

"ఎన్నిసార్లు మావయ్యా?" అంది రూటిలా.

ఆమె ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఉంది. నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. ఆడవాళ్ల లెక్కలు వాళ్లకి తెలుసు.

"ఏడు," అన్నాను. "ఫుల్వాకి అచ్చొచ్చిన లెక్క. నీకూ ఎందుకైనా మంచిది."

పాలు తాగేసి, చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాను.